‘ఆమెను చూస్తే జాలేసింది’: టామ్ రాబిన్సన్ నోట వచ్చిన ఆ ఒక్క మాట గురించి

పాతపుస్తకం:

హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్ బర్డ్’ను మా చదువరుల బృందం వారానికి రెండు అధ్యాయాల చొప్పున చదువుతోంది. 1960లో వచ్చి మరుసటి ఏడే పులిట్జర్ బహుమతి అందుకున్న ఈ పుస్తకాన్ని నేను చదవడం ఇది నాలుగోసారి. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు నా మనసంతా తలుపులు మూసిన ఇంట్లో ఏళ్ల తరబడి ఉండిపోయిన బూ రాడ్లీ మీదా, చెట్టు తొర్రలో అతడు పిల్లల కోసం దాచిపెట్టిన సబ్బు బొమ్మల మీదా ఉండేది. ఈసారి మాత్రం 19వ అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను, దాన్ని దాటి ముందుకు వెళ్లడం కష్టమైంది.

చదవని వారి కోసం సందర్భం చెబుతాను. కాలం 1935 వేసవి, చోటు అమెరికా దక్షిణాదిలో అలబామా రాష్ట్రంలోని మేకూంబ్ అనే కల్పిత పట్నం. పాతికేళ్ల నల్లజాతి కూలీ టామ్ రాబిన్సన్ తనను చెరిచాడని మయెల్లా యూయెల్ అనే 19 ఏళ్ల తెల్లపిల్ల అభియోగం మోపింది. అతని తరఫున వాదిస్తున్నది ఆటికస్ ఫించ్. కథ చెబుతున్నది ఆయన కూతురు స్కౌట్, అప్పటికి తొమ్మిదేళ్లు నిండని పిల్ల. పైసా తీసుకోకుండా ఆ అమ్మాయికి కట్టెలు కొట్టి, నీళ్లు మోసి పెట్టడం దేనికని ప్రాసిక్యూటర్ గిల్మర్ టామ్‌ను గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఆమెను చూస్తే జాలేసిందనీ, ఆ ఇంట్లో అందరికన్నా ఆమే ఎక్కువ పాటుపడుతున్నట్టు అనిపించిందనీ టామ్ సమాధానం చెబుతాడు. ఆ మాట వినగానే గిల్మర్ దాన్ని మళ్లీ పలికి, అది జ్యూరీ చెవుల్లోకి ఇంకేదాకా చాలాసేపు మౌనంగా నిలబడతాడు. తాను నోరు జారానని టామ్‌కు కూడా అర్థమై కుర్చీలో ఇబ్బందిగా కదులుతాడు.

నా ప్రశ్న ఇదే. అప్పటికే సాక్ష్యమంతా టామ్ వైపు మొగ్గి ఉంది. ఒక మనిషి సాటి మనిషిని చూసి జాలిపడ్డానని చెప్పడం ఆ కోర్టులో అంత పెద్ద తప్పు ఎందుకైంది?

నల్లకోటు:

నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న మనిషిని కాబట్టి సాక్ష్యం సంగతి ముందు చెబుతాను. ఈ కేసులో వైద్యుణ్ణి పిలిపించలేదు, అంటే అత్యాచారం జరిగిందనడానికి వైద్య సాక్ష్యమే లేదు. దెబ్బలు మయెల్లా ముఖానికి కుడివైపున ఉన్నాయని షెరిఫ్ హెక్ టేట్ చెప్పాడు. ఆటికస్ ఆమె తండ్రి బాబ్ యూయెల్‌ను పేరు రాయమని అడిగినప్పుడు అతడు ఎడమ చేత్తో రాశాడు. టామ్ ఎడమ చేయేమో చిన్నతనంలో పత్తి జిన్నింగు యంత్రంలో పడి నలిగిపోయి, బైబిల్ మీద పెట్టినా నిలవక జారిపోయేంత చచ్చుబడి ఉంది. ఎదురుగా నిలబడిన మనిషి కుడి కంటి మీద దెబ్బ పడాలంటే కొట్టినవాడు మామూలుగా ఎడమచేతి వాటం వాడై ఉండాలి. ఇంతకన్నా స్పష్టమైన డిఫెన్సు ఏ వకీలుకైనా అరుదుగా దొరుకుతుంది.

అయితే తీర్పు చెప్పేది జడ్జి టేలర్ కాదు, మామూలు పౌరులతో కూర్చిన జ్యూరీ. ఆ పన్నెండుమందీ తెల్లజాతి మగవాళ్లు, ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన రైతులు. నల్లవారిని జ్యూరీల నుంచి ఒక పద్ధతి ప్రకారం మినహాయించడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1935లోనే, అలబామా నుంచే వచ్చిన స్కాట్స్‌బరో కేసులో చెప్పింది. తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ల మీద ఇద్దరు తెల్ల యువతులు 1931లో పెట్టిన తప్పుడు కేసు అది. తీర్పు వచ్చినంత మాత్రాన జ్యూరీ బెంచీలు మారిపోలేదు. అలబామాలో ఆడవాళ్లు కూడా 1960ల నడిమి దాకా జ్యూరీలో కూర్చోలేకపోయారు. మన దేశంలో క్రిమినల్ కేసుల్లో జ్యూరీ పద్ధతి 1973 నాటి ప్రొసీజర్ కోడ్‌తో పోయింది గనుక, ఈ పుస్తకం చదివే మనవాళ్లు ఆ పన్నెండుమంది బలాన్ని తక్కువగా అంచనా వేస్తుంటారు.

కాబట్టి టామ్ సమాధానాన్ని సాక్ష్యంగా కాక, ఆ పన్నెండుమంది చెవులతో వినాలి.

మిరపతోట:

ఆ చెవులకు ఏం వినిపించిందో తెలియాలంటే ముందు మయెల్లాను దగ్గరగా చూడాలి. చాలామంది పాఠకులు ఆమెను అబద్ధాలకోరుగా తీసి పక్కన పెట్టేస్తారు, రచయిత్రి మాత్రం అలా పెట్టలేదు. ఊరి చెత్తకుప్ప పక్కన యూయెల్ వాళ్ల గుడిసె. దొడ్డంతా విరిగిన సామాను, పాత చెప్పులు, పళ్ల బుట్టలు. ఆ దొడ్లో ఒక మూల మాత్రం పెచ్చులూడిన ఆరు పాత కుండీలలో ఎర్రెర్రని జెరేనియం పూలు, ఏ దొరల తోటమాలీ పెంచనంత శ్రద్ధగా పెరుగుతూ ఉంటాయి. అవి మయెల్లావని ఊరివాళ్లు చెప్పుకుంటారు. తల్లి లేని ఏడుగురు చిన్నపిల్లల్ని సాకే ఆ అమ్మాయి ఒక ఏడాది పాటు ఏడు నికెల్ (ఐదు సెంట్ల) నాణేలు కూడబెట్టింది. పిల్లలందరినీ ఐస్‌క్రీమ్ కొనుక్కోమని ఊళ్లోకి పంపి, ఆ ఒక్క పూటైనా టామ్‌తో ఒంటరిగా ఉండాలని ఆమె ఆశపడింది. స్నేహితులు ఎవరైనా ఉన్నారా అని ఆటికస్ అడిగినప్పుడు ఆమెకు ముందు ప్రశ్నే అర్థం కాదు, తర్వాత తనను ఎగతాళి చేస్తున్నాడని అనుకుంటుంది. బూ రాడ్లీ కన్నా ఒంటరి మనిషి ఈమే అయి ఉంటుందని స్కౌట్‌కు అప్పుడు తోస్తుంది.

ఇక్కడ తెలుగు పాఠకులకు వెంటనే అందే సంగతి ఒకటుంది. ఆటికస్ ఆమెను ‘మ్యామ్’ అనీ ‘మిస్ మయెల్లా’ అనీ పిలిచినందుకు ఆమె మండిపడుతుంది. జడ్జికి మొర పెట్టుకుంటుంది కూడా. అది ఆయన అందరితోనూ మాట్లాడే తీరేనని జడ్జి నచ్చజెప్పవలసి వస్తుంది. పుట్టినప్పటినుంచీ ‘ఏమే’ అన్న పిలుపు తప్ప ఎరగని ఆడపిల్లను కోర్టులో నిలబెట్టి ‘మీరు చెప్పండమ్మా’ అంటే ఎలా ఉంటుందో అలాంటిదది. ఇంగ్లీషులో ఒక చిన్న మాటలో దాగిన ఈ అవమానభారాన్ని, నువ్వు, మీరు, గారు అనే మెట్లన్నీ ఎక్కి దిగే మన భాష విప్పి చూపిస్తుంది. అదే కోర్టులో ముగ్గురు పిల్లల తండ్రి అయిన టామ్‌ను గిల్మర్ ‘బాయ్’ అంటాడు. దాన్ని తెలుగులోకి తెస్తే ‘ఏరా’ అనే రావాలి. ఆ పిలుపు తీరు భరించలేకే, చూడటానికి వచ్చిన స్కౌట్ చిన్నారి స్నేహితుడు డిల్ వెక్కివెక్కి ఏడుస్తూ బయటికి వెళ్లిపోతాడు.

అందువల్ల పాతపుస్తకం గారి ప్రశ్నకు నా జవాబు ఏమిటంటే, మేకూంబ్‌లో జాలి పైనుంచి కిందికే కారాలి. ‘అయ్యో పాపం’ అనడానికి కూడా అక్కడ ఒక అంతస్తు కావాలి. ‘ఏరా’ అనిపించుకునేవాడు నోరు తెరిచి ‘ఆమె నాకన్నా దీనంగా ఉంది’ అన్నప్పుడు, ఆ జ్యూరీలోని పేద రైతుకు తన కాళ్ల కింద ఉన్న ఒకే ఒక్క మెట్టు కదిలినట్టు అనిపించింది. అతడికి డబ్బు లేదు, పంటకు ధర లేదు, ఉన్నదల్లా నల్లవాడికన్నా పై మెట్టు మీద ఉన్నానన్న నమ్మకమే.

నల్లకోటు:

మిరపతోట గారూ, మీరు పిలుపు గురించి రాసింది చదివి ఒక సంగతి గుర్తుకొచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక కోర్టులో కూలి పని చేసుకునే ఒక పెద్దావిడ సాక్ష్యం చెప్పడానికి బోనెక్కింది. అప్పటిదాకా ఆమెను అందరూ ‘నువ్వు’ అనే ప్రశ్నించారు. మా సీనియరు లేచి ‘మీరేం చూశారో చెప్పండమ్మా’ అన్నారు. ఆవిడ జవాబు చెప్పకుండా, తన వెనక ఇంకెవరైనా నిలబడి ఉన్నారేమోనని తిరిగి చూసింది. మయెల్లా కోపం గురించి చదివిన ప్రతిసారీ ఆ తిరిగిన తల కళ్ల ముందు కదులుతుంది.

ఏటిగాలి:

ఇంతవరకు ఎవరూ చెప్పని విషయం ఒకటి 20వ అధ్యాయంలో ఉంది. ఆటికస్ తన చివరి వాదనలో, ఈ ముఖ్యసాక్షి మీద నా గుండెలో జాలి తప్ప ఇంకేమీ లేదని చెబుతాడు. అయితే ఒక మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టేదాకా ఆ జాలి సాగదని కూడా చెబుతాడు. గమనించండి, అదే కోర్టు, అదే జ్యూరీ, అదే ఆడపిల్ల, అదే జాలి. టామ్ నోట వచ్చినప్పుడు అది పొగరు అయింది. ఆటికస్ నోట వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి దయ అయింది, ఒక్కరు కూడా దానికి ఉలిక్కిపడలేదు. రచయిత్రి ఈ రెండు మాటలను వరుస అధ్యాయాల్లో పక్కపక్కనే పెట్టి, వాటి గురించి ఒక్క ముక్క వ్యాఖ్యానం కూడా చేయకుండా వదిలేసింది. కథను పిల్ల నోట చెప్పించడంలోని బలం ఇదేనని నా నమ్మకం. స్కౌట్ రెండు మాటలనూ మనకు వినిపిస్తుంది, కలిపి చూసుకోవడం మన వంతు.

డాలస్ తెలుగమ్మాయి:

మా అమ్మాయికి ఇది తొమ్మిదో తరగతిలో పాఠ్యపుస్తకం. జాతిని కించపరిచే ఆ మాట పుస్తకంలో అన్నిసార్లు రావడం, తరగతిలో పైకి చదివేటప్పుడు నల్లజాతి పిల్లలు తలలు దించుకోవడం దానికి చాలా బాధ కలిగించింది. ఇంటికి వచ్చి నన్ను ఒకే ప్రశ్న వేసింది. టామ్‌కు ముగ్గురు పిల్లలు కదా, వాళ్ల కథ ఎక్కడుంది అని. నేను సమాధానం వెతుకుతూ 25వ అధ్యాయం మళ్లీ తీశాను.

జ్యూరీ దోషి అని తేల్చిన తర్వాత జైలు నుంచి పారిపోతుండగా టామ్‌ను కాల్చి చంపారు, ఒంటి మీద 17 గుళ్లున్నాయి. ఆ కబురు చెప్పడానికి ఆటికస్, ఫించ్ వారింటి నల్లజాతి వంటమనిషి కల్పూర్నియా కలిసి టామ్ భార్య హెలెన్ దగ్గరికి వెళతారు. గుడిసె గుమ్మంలో ఒక చిన్నపిల్ల నిలబడి ఆటికస్‌ను చూసి నవ్వుతుంది. తల నిండా బిగించి అల్లిన చిన్నచిన్న జడలు, ఒక్కో కొసకూ మెరిసే రిబ్బను ముడి. మెట్లు దిగడం ఆ పసిదానికి చేతకాదు. ఆటికస్ టోపీ తీసి, తన వేలు అందించి, ఆమెను మెల్లగా దించి కల్పూర్నియాకు అప్పగిస్తాడు. హెలెన్ ఆయన ముఖం చూసి, ఆయన నోరు విప్పకముందే నేల మీద కూలిపోతుంది.

ఇంత గొప్ప దృశ్యాన్ని స్కౌట్ చూడలేదు. డిల్ చూసి ఆమెకు చెప్పాడు, ఆమె మనకు చెప్పింది. ఆ ఇంటి దుఃఖం మన దాకా రెండు చేతులు మారి వస్తోంది. హెలెన్ ఏం అనుకుందో, ఆ రాత్రి పిల్లలను ఎలా పడుకోబెట్టిందో పుస్తకం చెప్పదు. నేను ఈ నవలను ప్రేమిస్తాను, అయినా మా అమ్మాయి అడిగింది న్యాయమైన ప్రశ్న అని ఒప్పుకోక తప్పలేదు.

రేవుకాడ:

అమ్మాయి అడిగిన ప్రశ్నను ఇంకాస్త ముందుకు తీసుకెళతాను. ఆటికస్‌ను మనం దేవుణ్ణి చేసేశాం. 1962 నాటి సినిమాలో గ్రెగరీ పెక్ నటన ఆ పూజకు మరింత ఊతమిచ్చింది. అయితే జైలు ముందు టామ్‌ను చంపడానికి వచ్చిన గుంపులో ఒకడైన వాల్టర్ కన్నింగ్‌హామ్‌ను మూలంలో మంచివాడేనని పిల్లలకు చెప్పేది ఆటికసే. నల్లవారిని హింసించిన తెల్లజాతి దుండగుల ముఠా కూ క్లక్స్ క్లాన్ ఏదో పాతకాలపు రాజకీయ సంఘం అన్నట్టు తేలిగ్గా తీసిపారేసేదీ ఆయనే. రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్ 2009లో ఒక వ్యాసంలో దాదాపు ఇదే అభ్యంతరం లేవనెత్తాడు. ఆటికస్ మనుషుల మనసులు మార్చాలని చూస్తాడు తప్ప, ఆ మనుషుల చేత అలా చేయించే ఏర్పాటును తాకడు. 2015లో వచ్చిన హార్పర్ లీ మరో నవల ‘గో సెట్ ఎ వాచ్‌మన్’లో ముసలి ఆటికస్ జాతుల వేర్పాటును సమర్థిస్తూ కనిపించినప్పుడు పాఠకలోకం దిగ్భ్రాంతి చెందింది. నిజానికి మొదట రాసిన ప్రతి అదే. సంపాదకురాలు టే హోహోఫ్ సలహా మీద హార్పర్ లీ బాల్యం వైపు తిరిగి దాన్ని ఈ నవలగా మలిచింది. ఆ విత్తనాలు ఇందులోనూ ఉన్నాయి, మనం చూడదలచుకోలేదు, అంతే.

పాతపుస్తకం:

రేవుకాడ గారి అభ్యంతరంలో సగం ఒప్పుకుంటాను. కన్నింగ్‌హామ్ విషయంలో ఆటికస్ మెత్తదనం నాకూ గొంతుకు అడ్డం పడుతుంది. అయితే నవల మొత్తం ఆటికస్ చూపుతోనే సాగుతోందని అనుకోవడం పొరపాటని నా అభిప్రాయం. ఏటిగాలి గారు చూపించిన రెండు జాలులనే చూడండి. ఆటికస్ మాటను కూడా రచయిత్రి పరీక్షకు పెట్టింది కదా.

దానికి తోడుగా 24వ అధ్యాయాన్ని ముందుంచుతాను. టామ్‌కు శిక్ష పడిన తర్వాత ఫించ్ వారింట్లో చర్చి ఆడవాళ్ల సమావేశం జరుగుతుంది. మిసెస్ మెర్రీవెదర్ ఎక్కడో దూరదేశంలో ఉన్న మ్రూనా అనే తెగవాళ్ల దారిద్ర్యం తలచుకుని కన్నీళ్లు పెట్టుకుంటుంది. అదే నోటితో, కోర్టు తీర్పు తర్వాత వంటింట్లో నల్లమ్మాయి సోఫీ ముఖం ముడుచుకుని ఉందని చిరాకుపడుతుంది. సముద్రాల అవతల ఉన్నవారి మీద జాలి, తన వంటింట్లో ఉన్న మనిషి మీద విసుగు. జాలి ఇంత సౌకర్యంగా దొరికే ఊళ్లో టామ్ జాలి ఒక్కటే ఖర్చుతో కూడినది. అతడు అలసిపోయి పొలం నుంచి ఇంటికి వెళుతూ, దారిలో ఆగి, ఒంటిచేత్తో చెక్క బీరువా పగలగొట్టి పెట్టినవాడు. 26వ అధ్యాయంలో టీచరు మిస్ గేట్స్ హిట్లర్ యూదులను హింసిస్తున్నాడని తరగతిలో ఆవేదన పడటమూ ఇదే కోవలోకి వస్తుంది. కోర్టు మెట్ల మీద ఆమే నల్లవాళ్లకు బుద్ధి చెప్పాల్సిందేనని అన్నట్టు స్కౌట్ విని ఉంది.

తేనెపట్టు:

కల్పూర్నియా గురించి ఎవరూ రాయలేదు, అందుకే వచ్చాను. 12వ అధ్యాయంలో ఆమె స్కౌట్‌నూ, అన్న జెమ్‌నూ తన చర్చికి తీసుకెళుతుంది. అక్కడ లులా అనే ఆమె తెల్లపిల్లలను ఎందుకు తెచ్చావని నిలదీస్తుంది. ఆ కోపానికి కారణం ఉందని నేను అనుకుంటాను, నవల దాన్ని చప్పున దాటేస్తుంది. అక్కడే పాస్టరు సైక్స్ హెలెన్ కోసం పది డాలర్లు పోగయ్యేదాకా తలుపులు మూయించి, ఒక్కరినీ కదలనివ్వడు. ఊళ్లో మిగతా జాలి అంతా మాటల్లో ఉంటే, ఇక్కడ రోజుకూలీలు ఒక్కొక్కరే లేచి వచ్చి కాఫీ డబ్బాలో చిల్లర నాణేలు వేస్తారు. ఆ చర్చిలో కల్పూర్నియా మాట తీరే మారిపోతుంది. ఎందుకలా మాట్లాడతావని స్కౌట్ అడిగితే, మనవాళ్ల మధ్య పెద్దింటి భాష మాట్లాడటం బాగుండదని చెబుతుంది. ఊరి యాసను ఇంట్లో వదిలి బడిమాట నేర్చుకుని, సెలవులకు వెళ్లినప్పుడు అమ్మమ్మ ముందు దాన్ని దాచుకున్న వారెవరికైనా ఈ రెండు గొంతుల బరువు తెలుసు.

ఇంకొకటి. పేదింటి పిల్లాడు వాల్టర్ (ఆ కన్నింగ్‌హామ్ కొడుకు, అతడి పేరూ అదే) కూరగాయల మీదా మాంసం మీదా బెల్లంపాకం లాంటి సిరప్ పోసుకుంటే స్కౌట్ వెక్కిరిస్తుంది. కల్పూర్నియా ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లి, మన గడప తొక్కినవాళ్లు ఎవరైనా అతిథులేనని గద్దించి, పళ్లెం వంటింట్లోకి మార్పిస్తుంది. స్కౌట్ తర్వాత నేర్చుకున్నదంతా తండ్రి దగ్గరే నేర్చుకుందంటే నేను ఒప్పుకోను.

నల్లకోటు:

తేనెపట్టు గారూ, చాలా మంచి మాట చెప్పారు. వకీలుగా నన్ను ఎప్పుడూ కలవరపెట్టే 30వ అధ్యాయంతో నా వంతు ముగిస్తాను. చీకట్లో పిల్లల మీద కత్తితో దాడి చేసిన బాబ్ యూయెల్‌ను బూ రాడ్లీ చంపాడు. షెరిఫ్ టేట్, యూయెల్ తన కత్తి మీద తానే పడ్డాడని రాసేస్తానంటాడు. సిగ్గరి అయిన మనిషిని లోకం ముందుకు ఈడ్చడం పాపమని అతని వాదన. స్కౌట్ కూడా, అలా చేయడం మాకింగ్ బర్డ్‌ను కాల్చినట్టే కదా అంటుంది. పాటలు పాడటం తప్ప ఎవరికీ ఏ హానీ చేయని పిట్ట అది.

బూను కాపాడినందుకు నేనూ సంతోషించాను. అయితే అదే ఊళ్లో అదే షెరిఫ్ చేతిలో టామ్ విషయంలో చట్టం ఒక్క అంగుళం కూడా వంగలేదు. ఇద్దరూ అమాయకులే. ఒకరి ఇంటిపేరు రాడ్లీ, చర్మం తెలుపు. రచయిత్రి దీన్ని కావాలనే ఇలా పెట్టిందా, లేక ఆమె చూపు కూడా ఇక్కడ ఆగిపోయిందా అన్నది నేను ఇరవై ఏళ్లుగా తేల్చుకోలేకపోతున్నాను.

మిరపతోట:

నల్లకోటు గారి సందేహం తీర్చే శక్తి నాకు లేదు. కానీ మనం మొదలుపెట్టిన జాలి దగ్గరికి, ఆ తర్వాతి అధ్యాయంలోని ఒక చిన్న పని నన్ను మళ్లీ తీసుకొస్తోంది. ఆ రాత్రి బూ (అసలు పేరు ఆర్థర్), తనను ఇంటి దాకా తీసుకెళ్లమని స్కౌట్‌ను చిన్నపిల్లాడిలా గుసగుసగా అడుగుతాడు. ఆమె ముందు అతని చేయి పట్టుకుని వరండా దాకా నడిపిస్తుంది. మెట్ల దగ్గర ఆగిపోతుంది. అతణ్ణి చేయి పట్టి నడిపించుకుపోతే బాగుండదని ఆమెకు తోస్తుంది. మోచేయి వంచమని అడిగి, అందులో తన చేయి దూరుస్తుంది. అతడు పొడగరి గనుక ఆమెకు అందేలా కొంచెం వంగవలసి వస్తుంది. ఇప్పుడు పై అంతస్తు కిటికీలోంచి ఇరుగింటి మిస్ స్టెఫనీ క్రాఫర్డ్ చూసినా, ఆర్థర్ రాడ్లీ ఒక పెద్దమనిషిలా తనను వెంటబెట్టుకుని నడిపిస్తున్నట్టే కనిపిస్తుందని స్కౌట్ అనుకుంటుంది.

ఆ నిమిషంలో ఆమె అతణ్ణి బూ అని కూడా అనుకోదు, ఆర్థర్ రాడ్లీ అనే అనుకుంటుంది. నేను పదిసార్లయినా చదివి ఉంటాను, ఆ మోచేయి దగ్గర ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

పాతపుస్తకం:

మిరపతోట గారూ, ఆ పేరు మార్పును నేను నాలుగుసార్లు చదివినా గమనించలేదు. ఇప్పుడే పుస్తకం తీసి చూసుకున్నాను, మీరు చెప్పినట్టే ఉంది. మా బృందం వచ్చే ఆదివారం 19, 20 అధ్యాయాలను పైకి చదవబోతోంది. టామ్ మాటనూ ఆటికస్ మాటనూ ఒకే మనిషి చేత, ఒకే గొంతుతో చదివించాలని అనుకుంటున్నాను. డాలస్ అమ్మాయి గారి కూతురికి వీలైతే హెలెన్ ఇంటి ముందరి దృశ్యం ఆమె చదివి పంపితే, దాన్ని కూడా అందరికీ వినిపిస్తాం.